పేగుల్లో దాగిన మొండి బ్యాక్టీరియా: ఆసుపత్రి రోగులకు స్క్రీనింగ్ చేసే పద్ధతి

మలద్వారం దగ్గర తీసి ల్యాబ్‌కు పంపిన స్వాబ్ (నమూనా తీసే దూది పుల్ల) మీద పేరు, ఐపీ నంబరు సరిచూసుకున్నాక నా చూపు నేరుగా దాని కొస మీదకే పోతుంది. లేత గోధుమ రంగో పసుపో అంటి ఉంటే ఆ స్వాబ్ పనికొస్తుంది. అప్పుడే కవర్లోంచి తీసినట్టు తెల్లగా ఉంటే వెనక్కి పంపేస్తాను. ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఐసీయూలో ఈ స్క్రీనింగ్ మొదలుపెట్టాం. రెండు వారాలు గడిచినా ఒక్క పాజిటివ్ రాలేదు. అందరం సంబరపడ్డాం. మూడో వారంలో ఒక రోగి రక్తం కల్చర్‌లో మెరోపెనెం అనే బలమైన యాంటీబయోటిక్‌కు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. అంతకు పది రోజుల ముందు ఆయన స్వాబ్‌కు నెగెటివ్ అని సంతకం పెట్టింది నేనే. ఆ తర్వాత వచ్చిన స్వాబ్‌లను ఒక్కొక్కటిగా లైటు కింద పెట్టి చూస్తే చాలావరకు తెల్లగానే ఉన్నాయి. మొహమాటపడే చోట తీయాల్సిన నమూనా కదా, పైపైన తుడిచి పంపేస్తున్నారు. అప్పటిదాకా అలాంటి నమూనా వద్దని మేం కూడా ఎవరికీ చెప్పలేదు.

వార్డులో నమూనా తీసే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసేవాళ్లు, ఈ పని కొత్తగా మొదలుపెట్టాలనుకునే డాక్టర్లు, వీళ్లందరికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఇందులో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటామంటే అది ఇదీ: పాజిటివ్ వస్తే ఆ పూట ఏం చేస్తారో తేల్చుకున్నాకే మొదటి స్వాబ్ తీయండి.

వెతికేది దేనికోసం

మన పేగుల్లో ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా మామూలుగానే ఉంటాయి. చిక్కల్లా వాటిలో కొన్ని కార్బాపెనెం మందులకు కూడా లొంగకపోవడంతోనే. మెరోపెనెం, ఇమిపెనెం, ఎర్టాపెనెం ఈ కోవలోవే. మిగతా యాంటీబయోటిక్‌లు పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖర్న అందుకునే మందులివి. వీటిని విరగ్గొట్టే ఎంజైమ్‌లను కార్బాపెనెమేజ్‌లు అంటారు. ప్రధానంగా కనిపించేవి అయిదు కుటుంబాలు: కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఐఎంపీ, ఆక్సా-48. వీటి జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉంటాయి కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి కూడా చేతులు మారతాయి. మొన్న క్లెబ్సియెల్లాలో చూసిన జన్యువు ఇవాళ అదే రోగి ఈ.కోలైలో కనిపించడం ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్తేమీ కాదు. కొత్త మందులు అత్యవసరంగా కావాల్సిన బ్యాక్టీరియా జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వేసినప్పుడూ, 2024లో సవరించినప్పుడూ ఈ గుంపును అత్యంత ప్రమాదకరమైన వరసలోనే పెట్టింది.

ఇవి పేగుల్లో ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. జ్వరం ఉండదు, విరేచనాలు ఉండవు, మనిషి మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటాడు. నెలల తరబడి అలా మోస్తూనే ఉండొచ్చు. కానీ అదే మనిషికి ఆపరేషన్ అయినా, కీమోతో తెల్లకణాలు పడిపోయినా, వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చినా అవి రక్తంలోకీ, మూత్రంలోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరే ప్రమాదం పెరుగుతుంది. ఈలోగా చేతుల ద్వారా, బెడ్‌పాన్ ద్వారా, సింకు ద్వారా పక్క మంచానికి పాకేస్తాయి.

ఇది ఎంత చప్పుడు లేకుండా జరుగుతుందో అమెరికాలో ఎన్ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థలు) నడిపే క్లినికల్ సెంటర్ ఆసుపత్రిలో 2011లో బయటపడింది. కేపీసీ ఉన్న క్లెబ్సియెల్లాతో ఒక రోగి జూన్‌లో చేరారు. మొదటి రోజు నుంచే జాగ్రత్తలు తీసుకున్నారు. జులై మధ్యలో ఆ రోగి డిశ్చార్జ్ అయిపోయారు. రెండో కేసు బయటపడింది ఆ తర్వాత మూడు వారాలకు. చివరికి మొత్తం 18 మందికి పాకింది. వాళ్లలో 11 మంది చనిపోయారు, అందులో ఆరు మరణాలకు ఈ ఇన్‌ఫెక్షనే కారణమని తేల్చారు. బ్యాక్టీరియా జన్యుక్రమం మొత్తం చదివి చూస్తే, మధ్యలో ఏ లక్షణమూ లేకుండా మోసినవాళ్ల మీదుగా గొలుసు సాగిందని అర్థమైంది. జబ్బుపడ్డవాళ్ల కల్చర్లు మాత్రమే చూస్తూ కూర్చుంటే ఆ మధ్య లంకెలు ఎవరికీ కనబడవు.

1. స్వాబ్ తీయకముందే తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. పాజిటివ్ వచ్చిన రోగిని ఏ గదికి మారుస్తాం? విడి గది ఖాళీ లేకపోతే ఏం చేస్తాం? రిపోర్టు రాత్రి పదింటికి వస్తే ల్యాబ్ ఎవరికి ఫోన్ చేయాలి? గ్లవ్స్, గౌన్లు నెలకు ఎన్ని అదనంగా కావాలి, ఆ ఖర్చు ఎవరిది? పరీక్ష డబ్బు రోగి కట్టాలా, ఆసుపత్రి భరిస్తుందా?

ఆఖరి ప్రశ్న దగ్గర నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఈ పరీక్ష ఆ ఒక్క రోగి కోసమే చేసేది కాదు, వార్డు మొత్తం కోసం చేసేది. దాని బిల్లు రోగి మీద వేస్తే జనం వద్దంటారు. వద్దనడంలో తప్పూ లేదు.

వీటికి జవాబులు లేకుండా మొదలుపెడితే ఏమవుతుందో చాలా చోట్ల చూశాం. రిపోర్టు వస్తుంది, కేస్ షీట్‌లో క్లిప్పుకు పెడతారు, రోగి అదే మంచం మీద ఉంటాడు. ఆ స్వాబ్ తీసినా తీయకపోయినా ఒకటే.

2. ఎవరికి చేయాలి

అందరికీ చేయాలనిపిస్తుంది. ఒక్క లెక్క వేసి చూడండి. 1,000 మందిలో నిజంగా మోస్తున్నవాళ్లు 10 మందే అనుకుందాం. మన పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుందనీ, లేనివాళ్లలో నూటికి ఇద్దరిని పొరపాటున పాజిటివ్ అంటుందనీ అనుకుందాం. అప్పుడు దాదాపు 29 పాజిటివ్‌లు వస్తాయి, అందులో అసలైనవి 9. మిగతా 20 మందిని అనవసరంగా విడి గదుల్లో పెడతాం. అదే ప్రమాదం ఎక్కువున్న గుంపును ఎంచుకుంటే, అదే పరీక్షతో వచ్చే పాజిటివ్‌ల మీద నమ్మకం పెరుగుతుంది.

కాబట్టి చేరేటప్పుడే చేయాల్సినవాళ్లు: గత ఏడాదిలో వేరే ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లు, ముఖ్యంగా అక్కడి ఐసీయూ నుంచి రెఫర్ అయినవాళ్లు. ఇంతకుముందు ఎప్పుడైనా పాజిటివ్ వచ్చినవాళ్లు. దీర్ఘకాలం సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవాళ్లు. పాజిటివ్ రోగితో ఒకే గదిలో గానీ ఒకే టాయిలెట్ వాడుతూ గానీ గడిపినవాళ్లు. ఐసీయూ, అవయవ మార్పిడి, రక్త క్యాన్సర్ వార్డుల్లో అయితే చేరేవాళ్లందరికీ చేసి, ఆ తర్వాత వారానికోసారి మళ్లీ చేయడం మంచిది. మొదటి రోజు లెక్కకు అందనంత తక్కువగా ఉన్న బ్యాక్టీరియా, వారం పాటు బలమైన యాంటీబయోటిక్‌లు పడేసరికి పోటీ లేక పెరిగి బయటపడుతుంది. వారం వారం తీసే స్వాబ్ దాన్నీ పట్టుకుంటుంది, వార్డులో కొత్తగా అంటుకున్నదాన్నీ పట్టుకుంటుంది.

ఈఎస్‌బీఎల్ (చాలా యాంటీబయోటిక్‌లను విరగ్గొట్టే ఇంకో ఎంజైమ్) ఉన్న రకాల కోసం ప్రతి రోగిలోనూ వెతకమని నేను చెప్పను. సమాజంలో బాగా పాకిపోయిన చోట పాజిటివ్‌లు కుప్పలుగా వస్తాయి, చేయగలిగేది తక్కువ. వాంకోమైసిన్ మందుకు లొంగని ఎంటరోకాకస్ అనే ఇంకో పేగు బ్యాక్టీరియా కోసం వెతకడం మాత్రం రక్త క్యాన్సర్, మార్పిడి వార్డుల్లో అర్థవంతమైన పనే. దానికి మీడియా వేరు, రిపోర్టు వేరు.

3. రోగితో మాట్లాడటం

ఈ మెట్టు దాటేసి నేరుగా కర్టెన్ లాగేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. చెప్పాల్సింది నాలుగు మాటలే:

"అమ్మా, కొంతమంది పేగుల్లో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఉంటాయి. వాటివల్ల ఇప్పుడు మీకు ఏ జబ్బూ ఉండకపోవచ్చు. ఉన్నాయో లేదో తెలిస్తే మిమ్మల్నీ, పక్క మంచాల వాళ్లనీ కాపాడుకోవడం తేలికవుతుంది. చిన్న పుల్లతో మలద్వారం దగ్గర నమూనా తీస్తాం, పది సెకన్ల పని. కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ మామూలుగా నొప్పి ఉండదు. వద్దనుకుంటే చెప్పండి, మోషన్ నమూనా ఇచ్చినా సరిపోతుంది."

ఒప్పుకున్నారో లేదో కేస్ షీట్‌లో రాయండి. పాజిటివ్ వస్తే గది మారుస్తామని కూడా ఇప్పుడే చెప్పండి. రేపు హఠాత్తుగా గౌన్లు వేసుకుని వచ్చి మంచం జరిపితే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

4. స్వాబ్ తీయడం

కావాల్సినవి: ట్రాన్స్‌పోర్ట్ మీడియం ఉన్న స్వాబ్, స్టెరైల్ సెలైన్, గ్లవ్స్, రోగి ఎదుటే రాసి అంటించిన లేబుల్. కార్ట్రిడ్జ్ పీసీఆర్‌కు (జన్యువులను యంత్రంలో నేరుగా వెతికే పరీక్ష) పంపుతుంటే ఆ కిట్‌తో వచ్చిన స్వాబే వాడాలి.

కర్టెన్ వేయండి. చేతులు శుభ్రం చేసుకుని గ్లవ్స్ వేసుకోండి. రోగిని ఎడమ పక్కకు తిప్పి మోకాళ్లు పొట్ట వైపు ముడుచుకోమనండి. స్వాబ్ కొసను సెలైన్‌లో తడపండి. జెల్లీ వద్దు, కొన్నిటిలో బ్యాక్టీరియాను అణిచే పదార్థాలు ఉంటాయి. ముందుగా ఆ చోటును యాంటీసెప్టిక్‌తో తుడవడం కూడా వద్దు. గట్టిగా ఊపిరి వదలమని చెప్పి, ఆ వదులుతున్నప్పుడు స్వాబ్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి పెట్టి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తీయండి. బిగుసుకుంటే తోయకండి, ఆగండి.

బయటికి తీశాక వెలుతురులో చూడండి. రంగు అంటిందా? అంటకపోతే ఇంకో స్వాబ్‌తో మళ్లీ తీయాల్సిందే. అలాగని ముద్దగా అంటుకున్నా మంచిది కాదు, పీసీఆర్ యంత్రం దాన్ని చదవలేక చెల్లదని చూపిస్తుంది. పలచగా పూత పూసినట్టు ఉంటే చాలు.

తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్లకు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లకు, ఆ ప్రాంతంలో ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకు లోపలికి స్వాబ్ పెట్టకండి. పేగు గోడకు చిన్న గాయమైనా వాళ్లకు అది ప్రాణం మీదకు రావొచ్చు. మోషన్ నమూనా తీసుకోండి. పొట్ట మీద స్టోమా (మలం బయటికి రావడానికి చేసిన రంధ్రం) ఉన్నవాళ్లకు స్టోమా నుంచి, పసిపిల్లలకు డైపర్‌లోని మలం నుంచి తీసుకోవచ్చు. మూత్రం గొట్టం ఉన్నవాళ్లకు, మానని పుండ్లున్నవాళ్లకు అక్కడి నుంచి కూడా ఒక నమూనా పంపితే పట్టుబడే అవకాశం పెరుగుతుంది.

ల్యాబ్‌కు అదే రోజు చేరాలి. ఆలస్యమవుతుందనుకుంటే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. రిక్వెస్ట్ ఫారంలో స్క్రీనింగ్ అని స్పష్టంగా రాయండి. అది లేకపోతే ల్యాబ్ వాళ్లు విరేచనాల కేసనుకుని సాల్మొనెల్లా కోసం వెతుకుతారు.

5. ల్యాబ్‌లో

ఖర్చు తక్కువలో చేయగలిగే పద్ధతి ఒకటుంది, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రచారంలోకి తెచ్చింది. 5 మి.లీ. ట్రిప్టికేస్ సోయ్ బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే ద్రవం) 10 మైక్రోగ్రాముల ఎర్టాపెనెం లేదా మెరోపెనెం డిస్క్ ఒకటి వేసి, అందులో స్వాబ్ ముంచి, 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. మందుకు లొంగేవి అణిగిపోతాయి, లొంగనివి పెరుగుతాయి. మర్నాడు బాగా కలిపి 100 మైక్రోలీటర్లు మెకాంకీ అగార్ మీద వేసి, విడివిడి కాలనీలు వచ్చేలా గీయాలి. రెండో రోజు పొద్దున గులాబీ రంగు కాలనీలు కనిపిస్తే వాటిని ముందుకు తీసుకెళ్లాలి. రంగు లేనివి చాలావరకు సూడోమోనాస్, అసినెటోబ్యాక్టర్ లాంటివి అయి ఉంటాయి. వాటి కథ వేరు, అయితే ఐసీయూలో ఎక్కువగా కనిపిస్తుంటే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లకు ఒక మాట చెప్పండి.

క్రోమోజెనిక్ అగార్ కొనగలిగితే ఒక రోజు కలిసొస్తుంది. స్వాబ్‌ను నేరుగా రుద్దితే 18 నుంచి 24 గంటల్లో రంగును బట్టి ఈ.కోలై ఏదో క్లెబ్సియెల్లా ఏదో తెలుస్తుంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఆక్సా-48 ఉన్న బ్యాక్టీరియా కొన్నిసార్లు కార్బాపెనెంకు కొంచెమే మొండికేస్తుంది, అందుకని మామూలు ప్లేటు మీద పెరగకుండా జారిపోతుంది. ఆ రకం ఎక్కువున్న చోట దానికోసం తయారుచేసిన ప్లేటు కూడా పక్కన పెట్టాలి.

కాలనీ వచ్చాక అది నిజంగా కార్బాపెనెమేజ్ చేస్తోందా అని తేల్చాలి. కొన్ని బ్యాక్టీరియా ఆ ఎంజైమ్ లేకుండానే, మందు లోపలికి వెళ్లే ద్వారాలు మూసేసుకుని తట్టుకుంటాయి. ఎంసిమ్ పరీక్ష దీనికి చవకైనదీ నమ్మదగినదీ. 2 మి.లీ. బ్రాత్‌లో 1 మైక్రోలీటర్ లూప్‌తో కాలనీని కలిపి, 10 మైక్రోగ్రాముల మెరోపెనెం డిస్క్ వేసి నాలుగు గంటలు ఉంచాలి. తర్వాత ఆ డిస్క్ తీసి, మందుకు లొంగే ఈ.కోలై ఏటీసీసీ 25922 పూసిన ముల్లర్ హింటన్ ప్లేటు మీద పెట్టాలి. ఎంజైమ్ ఉంటే ఈపాటికి డిస్క్‌లోని మందును తినేసి ఉంటుంది, కాబట్టి చుట్టూ ఖాళీ వలయం చిన్నగా ఉంటుంది. 15 మి.మీ. గానీ అంతకు తక్కువ గానీ ఉంటే, లేదా 16 నుంచి 18 మి.మీ. వలయం లోపల చుక్కల్లా కాలనీలు ఉంటే పాజిటివ్, 19 గానీ అంతకు మించి గానీ ఉండి స్పష్టంగా ఉంటే నెగెటివ్. కాలనీలేమీ లేకుండా 16 నుంచి 18 మధ్యలో వస్తే, లేదా 19 గానీ అంతకు మించి గానీ ఉన్న వలయం లోపల చుక్కల్లా కాలనీలు కనిపిస్తే తొందరపడకుండా మళ్లీ చేయండి. ప్రతి బ్యాచ్‌తోనూ పాజిటివ్ కంట్రోల్‌గా ఏటీసీసీ బీఏఏ-1705, నెగెటివ్ కంట్రోల్‌గా బీఏఏ-1706 పెట్టండి. కంట్రోల్ తప్పితే ఆ రోజు రిపోర్టు ఇవ్వకూడదు, వార్డు నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా సరే.

ఏ కుటుంబమో తెలియాలంటే కాలనీ మీద స్ట్రిప్ పరీక్ష చేస్తే పావుగంటలో అయిదింటిలో ఏదో చెప్పేస్తుంది. నేరుగా స్వాబ్ నుంచి చేసే కార్ట్రిడ్జ్ పీసీఆర్ సుమారు గంటలో చెబుతుంది. రెఫరల్ మీద వచ్చిన రోగిని ఐసీయూలో ఏ మంచం మీద పెట్టాలో వెంటనే తేలాల్సిన చోట దీనికి సాటి లేదు. అయితే అది తన జాబితాలో ఉన్న జన్యువులనే వెతుకుతుంది, జాబితాలో లేనిది కనబడదు. పీసీఆర్ పాజిటివ్ వచ్చి కల్చర్ నెగెటివ్ వస్తే రెండూ రిపోర్టులో రాయండి. సంఖ్య తక్కువై కల్చర్‌కు అందకపోయి ఉండొచ్చు, చచ్చిన బ్యాక్టీరియా జన్యువూ అయి ఉండొచ్చు. ఎంటరోకాకస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. వాంకోమైసిన్‌ను తట్టుకునే శక్తినిచ్చే వాన్‌బీ జన్యువు పేగుల్లోని వేరే హానిలేని బ్యాక్టీరియాలో కూడా ఉంటుంది. కాబట్టి వాన్‌బీ పాజిటివ్‌ను కల్చర్ లేకుండా నమ్మవద్దు.

6. రిపోర్టు రాయడం

"క్లెబ్సియెల్లా పెరిగింది" అని రాసి కింద యాంటీబయోటిక్‌ల పట్టిక పెడితే, చూసిన జూనియర్ డాక్టర్ వెంటనే మందు రాసేస్తారు. స్క్రీనింగ్ రిపోర్టులో ఆ పట్టిక వద్దు. ఇలా రాయండి: కార్బాపెనెమేజ్ చేసే బ్యాక్టీరియా పేగుల్లో ఉంది, జాతి ఇది, జన్యువు ఇది. ఇది ఇన్‌ఫెక్షన్ రిపోర్టు కాదు, కేవలం ఇది కనబడినందుకే యాంటీబయోటిక్ అవసరం లేదు. కాంటాక్ట్ జాగ్రత్తలు మొదలుపెట్టండి.

నెగెటివ్ రిపోర్టులో "ఈ నమూనాలో కనబడలేదు" అనే రాయాలి. "లేదు" అని రాయకూడదు. పాజిటివ్‌ను కంప్యూటర్‌లో పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసి, ఎవరికి ఏ టైముకు చెప్పారో రాసుకోండి.

7. పాజిటివ్ వచ్చిన పూట

విడి గది, విడి టాయిలెట్. లేకపోతే అదే జన్యువున్న ఇంకో రోగితో కలిపి పెట్టొచ్చు. ఎన్‌డీఎం ఉన్నవాళ్లనూ కేపీసీ ఉన్నవాళ్లనూ ఒక గదిలో పెట్టకండి. లోపలికి వెళ్లేటప్పుడు గౌను, గ్లవ్స్, బయటికి వచ్చేటప్పుడు అక్కడే తీసేసి చేతులు శుభ్రం చేసుకోవాలి. స్టెతస్కోప్, బీపీ కఫ్, థర్మామీటర్ ఆ రోగికే కేటాయించండి. మంచం పట్టీలు, కాలింగ్ బెల్, తలుపు గడియ రోజూ క్లోరిన్ ద్రావణంతో తుడిపించండి, చాలా చోట్ల 1,000 పీపీఎం వాడతారు. రోగికి స్నానం చేయించిన నీళ్లు, మిగిలిన సెలైన్ చేతులు కడిగే సింకులో పోయకండి. ఈ బ్యాక్టీరియా సింకు గొట్టంలో స్థిరపడితే వదిలించడం చాలా కష్టం.

యాంటీబయోటిక్ ఇచ్చి పేగుల్లోంచి తరిమేద్దామని ఎవరో ఒకరు అంటారు. యూరప్‌లోని క్లినికల్ మైక్రోబయాలజీ సంఘం ఎస్మిడ్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు మామూలుగా అలా చేయవద్దనే చెప్పాయి. రోగికి నిజంగా జ్వరం, సెప్సిస్ వస్తే మాత్రం ఏ మందుతో మొదలుపెట్టాలో నిర్ణయించడానికి ఈ రిపోర్టు చాలా ఉపయోగపడుతుంది.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు ఇజ్రాయెల్ సంగతి చెబుతాను. 2007 మార్చి నాటికి అక్కడ 27 ఆసుపత్రుల్లో 1,275 మందికి కార్బాపెనెంకు లొంగని బ్యాక్టీరియా పాకింది. పాజిటివ్ రోగులను విడిగా పెట్టి, వాళ్లకు విడి సిబ్బందిని కేటాయించడం, ప్రతి కేసునూ తెలియజేయడం దేశమంతటా తప్పనిసరి చేశారు. లక్ష రోగి-దినాలకు (ఒక రోగి ఆసుపత్రిలో ఉన్న ఒక్కో రోజు ఒక రోగి-దినం) నెలకు 55.5గా ఉన్న కొత్త కేసులు 2008 మే నాటికి 11.7కు దిగాయి. అక్కడ వాడింది కొత్త మందేమీ కాదు, ఇదే గది, ఇదే గౌను.

రోగి ముఖం కూడా చూడండి. తలుపు మీద బోర్డు పడ్డాక డాక్టర్ల రౌండ్లు తగ్గిపోతాయి, నర్సు తొంగి చూసి వెళ్లిపోతుంది. ఆయనేదో తప్పు చేసినట్టు కుటుంబం గుసగుసలాడుతుంది. ఆయన చేసిన తప్పేమీ లేదు, చాలాసార్లు అది ఆసుపత్రిలోనే అంటుకున్నది. రోజుకు ఒక్కసారైనా గౌను వేసుకుని లోపలికి వెళ్లి, పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని కేటాయించండి.

8. పక్కవాళ్లకు పరీక్ష, ఆపై డిశ్చార్జ్

అదే గది, అదే టాయిలెట్ వాడినవాళ్లకు వెంటనే స్వాబ్ తీయండి. ఒక్కసారి నెగెటివ్ వస్తే వదిలేయకండి, ఆసుపత్రిలో ఉన్నంతకాలం వారానికోసారి తీయండి. కొత్త పాజిటివ్‌లు కనిపిస్తే వార్డు మొత్తానికి ఒకే రోజున తీసి, రెండు వారాలకోసారి మళ్లీ తీస్తూ పోవాలి. వరసగా రెండుసార్లు కొత్తవి లేకపోతే పాకడం ఆగినట్టు భావించవచ్చు. చేరిన 48 గంటల్లోపు పాజిటివ్ వచ్చినవాళ్లనూ ఆ తర్వాత వచ్చినవాళ్లనూ విడివిడిగా లెక్క రాయండి. రెండో లెక్క పెరుగుతోందంటే లోపం మన వార్డులోనే ఉంది.

జాగ్రత్తలు ఎప్పుడు ఆపాలన్నదానికి అమెరికాలోని ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల నిపుణుల సంఘం షియా (SHEA) 2018లో ఇచ్చిన సూచన నాకు సబబుగా అనిపిస్తుంది: చివరి పాజిటివ్ నుంచి కనీసం ఆరు నెలలు గడవాలి, యాంటీబయోటిక్‌లు ఆగి ఉండాలి, కనీసం వారం తేడాతో రెండు స్వాబ్‌లు వరసగా నెగెటివ్ రావాలి. కాబట్టి ఒకే అడ్మిషన్‌లో పాజిటివ్ తర్వాత ఒక నెగెటివ్ వచ్చిందని బోర్డు తీసేయకండి.

ఇంటికి వెళ్లేవాళ్లకు చెప్పాల్సింది కొంచెమే. టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, వంట చేసేముందు, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి తినొచ్చు. ఎప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలి. వేరే ఆసుపత్రికి పంపుతుంటే రెఫరల్ లెటర్‌లో మొదటి పేజీ పైభాగానే జాతి, జన్యువు, తేదీ రాసి, అంబులెన్స్ బయల్దేరకముందే అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. రోగి అక్కడికి చేరేసరికి ఆ గది సిద్ధంగా ఉండాలి.